మా నాయిన ట్రంకుపెట్టె

"మీ నాయిన కళాకారుడని ఆధారమేంది?"

వృద్ధ కళాకారుల పింఛన్ దరఖాస్తు పట్టుకొని పోతే ఒక ఆఫీసుల నన్నడిగిన మాట ఇది. పేపర్ కటింగులుండాలె, శాలువ కప్పిన ఫొటోలుండాలె, ఏదన్న సంస్థ ఇచ్చిన ప్రశంసాపత్రముండాలె. నాయిన నా పక్కనే నిలబడ్డడు. నలభై ఏండ్లు జాంబవంతుని వేషం కట్టిన మనిషి ఆ బల్లముందు చేతులు కట్టుకున్నడు. నాకు కోపమొచ్చింది, ఆయన మీద గాదు.

ఎస్సీ జాబితాల మా కులం "సింధోళ్లు, చిందోళ్లు" అని ఉంటది. చిందు తొక్కేటోళ్లు గనుక చిందోళ్లు. మా కులం పేరే మా ఆట పేరు. ఆ పేరుతోటి మమ్మల్ని వాడ చివర కూసోబెట్టేతందుకు ఎవరూ ఆధారమడగలే. పింఛనుకు మాత్రం కావాల్నట.

మా ఇంట్ల ఒక రేకు ట్రంకుపెట్టె ఉన్నది. పునికి చెక్క కిరీటం, అద్దాలూడిన భుజకీర్తులు, రెండు జతల గజ్జెలు, అర్దళం మరకలు పట్టిన గుడ్డమూట. వాటి కింద నోటుపుస్తకాలు. ఒకదాంట్ల జాంబపురాణం. నాయిన బడికి పోయింది మూడో తరగతి దాకనే. వత్తులుండవు, మాటల నడుమ ఎక్కడపడితే అక్కడ గీతలు. నేను పదో తరగతిల ఉన్నప్పుడు ఎర్రపెన్ను పట్టుకొని దిద్దబోయిన. సిగ్గుతోటి చెప్తున్న, రెండు పేజీలు దిద్దిన. నాయిన చూసి, "బిడ్డా, అది సదివేతందుకు రాయలే. గొంతు ఏడ ఆపాల్నో, అడుగు ఏడ మార్చాల్నో ఆడ గీత పెట్టుకున్న" అన్నడు. నేను తప్పులనుకున్నయి తాళం గుర్తులు! నా ఎర్రసిరా ఇంకా ఆ పేజీల మీదనే ఉన్నది. బడి నాకు నేర్పిన మొదటి విద్య అదే, మా నాయినను దిద్దుడు.

మీరు దీన్ని జానపదం అంటరు. జానపదం అంటే రాసినోడు లేడని గదా అర్థం చెప్తరు? రాసినోడున్నడు. చేతిరాత ఉన్నది. తరతరాల పాటల తన సొంత మాట ఏడ కలిపిండో, ఏడ కొట్టేసిండో కనపడుతనే ఉన్నది.

రెండో పుస్తకంల ఊర్ల లెక్క. ఏ మిరాశి ఊరు, ఏ ఆట, ఎవలు ఏ వేషం, ఎన్ని గింజలు. మా అవ్వ కట్టిన వేషాలు సుత అండ్లనే ఉన్నయి. ఇంకే కాగితం మీద ఆమె పేరు కళతోటి కలిపి లేదు. ఒక ఊరికాడ "వాన. ఆట ఆగలే" అని రాసుకున్నడు. ఇంకో ఊరికాడ "గింజలియ్యలే. దొడ్లె పండుకున్నం." ఆ ఊర్ల గింజలియ్యంది దొరలు గాదు, మాదిగ పెద్దలే. అన్నలారా, జాంబవంతుని పుట్టుక మేం పాడితే ఛాతి విరుచుకున్నరు, మా గిన్నెను మాత్రం గడప బయటనే పెట్టించిన్రు. సభలల్ల ఈ మాటెత్తితే ఇప్పుడెందుకంటరు. ఇంకెప్పుడు?

మూడో పుస్తకం లేదు. ఒక పరిశోధక విద్యార్థి జిరాక్స్ తీసి తెస్తనని తీసుకపోయిండు. పన్నెండేండ్లాయె. ఆయన డాక్టరయిండు. ఆధారం ఆయన దగ్గరున్నది, అడిగేది నన్ను.

అన్నమయ్య పాటలు తిరుమల గుడిల రెండు వేలకు పైగా రాగిరేకుల మీద శతాబ్దాలు భద్రంగ ఉండి, గత శతాబ్దంల అచ్చయినయి. ఆ పాటల గొప్పతనం నాకు తెలుసు, క్లాసుల చెప్తనే ఉన్న. కాని రాగి ఎవరిచ్చిన్రు? గది ఎవరిచ్చిన్రు? ఆశ్రిత కులాలకూ రాగిరేకులున్నయి. వాటి మీద ఎక్కింది పాట గాదు, ఏ ఊర్ల ఎవల మిరాశో ఆ హక్కు. పాట గొంతుల, ట్రంకుపెట్టెల దాసుకోవాల్సి వచ్చింది. ఇంటిపైకప్పు కారితే పాటా కారింది.

2024ల చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. వాడంత మిఠాయి పంచుకున్నం. అదే ఆటను ఆయనతోటి సమానంగ ఆడినోళ్లను ఆఫీసులల్ల ఇంకా కటింగులడుగుతున్నరు. ఊరవతల తెల్లారేదాక ఆడిన ఆటకు ఏ విలేకరి వచ్చిండని?

మొన్న ఎండకాలం సెలవుల్ల నేనూ నాయినా కూసోని పెట్టెల వస్తువులన్నిటికీ నంబర్లేసినం, బడిల స్టాకు రిజిస్టరు రాసినట్టే. గజ్జెలకాడికొచ్చేసరికి ఆయన రాయనియ్యలే, ఒక్కో గజ్జె లెక్కపెట్టుకున్నడు. దరఖాస్తు మళ్ల పెట్టినం. రెండు పుస్తకాల జిరాక్స్ ఇచ్చి రశీదు తీసుకున్న. అసలు పుస్తకాలు ఇయ్యలే.