ఐదు పైసల బిళ్ల

మా నాన్న దాచిన పాత ఉత్తరాల కట్ట మొన్న విప్పితే 1972 నాటి కవరొకటి చేతికొచ్చింది. మామూలు తపాలా బిళ్ల పక్కన ఇంకో ఐదు పైసల బిళ్ల. నిజానికి అది కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం వేసింది. దాని మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని అక్షరాలు కొట్టారు. కొత్తది వేసేదాకా ఆగే వ్యవధి లేకపోయింది మరి. 1971 నవంబరు 15 మొదలు 1973 మార్చి 31 వరకు కవరు పోస్టు చేసిన ప్రతివాళ్లూ ఆ ఐదు పైసలు కట్టారు. బెంగాల్ సరిహద్దు ఎటువైపు ఉందో తెలియనివాళ్లు కూడా మన ఊళ్ల నుంచి కట్టారు.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం, ఇప్పటి బంగ్లాదేశ్ అయిన తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకా మీద పడింది. ఆ ఏడాది చివరికల్లా దాదాపు కోటిమంది అక్కడి నుంచి శరణార్థులుగా మన దేశంలోకి వచ్చారు. 15 లక్షల జనాభా ఉన్న త్రిపురకే 14 లక్షల మంది చేరారు. కలకత్తా సాల్ట్ లేక్‌లో సిమెంటు తూముల్లో కాపురాలున్నారు. బనగావ్‌లో కలరా చెలరేగి సెలైన్ సీసాలు చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు దిగాయి. ఇవాళ మన పిల్లలకు విరేచనాలైతే పట్టించే ఓఆర్ఎస్ పొట్లం సత్తా ఆ శిబిరంలోనే రుజువైంది.

అప్పుడు ఒక్కొక్కర్నీ నిలబెట్టి, నీ ప్రాణానికి ముప్పుందని రుజువేదని అడగలేదు. అడగడం కుదరదు కూడా. ఒక్కో అర్జీ విడిగా విని తేల్చే పద్ధతి పదిమందికి చాలుతుంది, పది లక్షల మందికి చాలదు. ఊళ్లకు ఊళ్లు ఒకే మంట నుంచి పారిపోయి వస్తే ఆ మంటే రుజువు. ముందు లోపలికి రానిచ్చి, పేరు రాసుకుని, చేతిలో ఒక కాగితం పెట్టాలి. మిగతా విచారణ తీరిగ్గా చేసుకోవచ్చు. యూరప్ దేశాలు ఇందుకోసం 2001లోనే నిబంధన రాసుకున్నాయి. 2015లో సిరియన్లు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోలేదు. 2022లో యుక్రెయిన్‌వాళ్ల కోసం మాత్రం యుద్ధం మొదలైన పది రోజుల్లోపే అమల్లో పెట్టాయి. 40 లక్షల మందికి పైగా ఉండే హక్కు, పనిచేసుకునే హక్కు దొరికాయి. మనసుంటే ఎంత త్వరగా అవుతుందో చూశాం. సిరియన్లకు ఆ మనసు చూపలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మనకు ఆ నిబంధన కూడా లేదు. 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. 2021లో మయన్మార్ సైన్యం గద్దెనెక్కాక చిన్ జనం మిజోరం దారి పట్టారు. వాళ్లను ఆపమని కేంద్ర హోంశాఖ రాసింది. మిజోలు ఆపలేదు. 30 వేల మందికి పైగా వస్తే చర్చిలు, యువజన సంఘాలు ఇంటింటా పోగుచేసి తిండి పెట్టాయి. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ దేశమంతా మోయాల్సిన బరువు ఆ చిన్న రాష్ట్రం నెత్తిన పెట్టాం. ఆ ఐదు పైసలు ఈసారి ఎవరూ అడగలేదు.

హైదరాబాద్ బాలాపూర్‌లో ఒక రోహింగ్యా తల్లి తన ఐక్యరాజ్యసమితి కార్డు చూపించింది. మూడు పాలిథిన్ కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. వానొస్తే టార్పాలిన్ కారుతుందట, ఆ ఇంట్లో తడవనిది ఆ డబ్బా ఒక్కటే. గడువెప్పటిదాకా ఉందో చదివిపెట్టమంది. చదివాను. ఆ కార్డును మన ప్రభుత్వం లెక్కచేయదని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

భద్రత మాటేమిటంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఆయుధం పట్టినవాణ్ణి, నేరం చేసినవాణ్ణి పట్టుకోవాల్సిందే. కానీ మన దస్త్రంలో పేరు లేనివాణ్ణి ఎక్కడని వెతుకుతాం? భద్రత మొదలయ్యేదే నమోదు దగ్గర.

పార్లమెంటును అడిగేది పెద్ద కోరికేం కాదు. తరిమేస్తే గుంపుగా వచ్చినవాళ్లకు సరిహద్దులోనే నమోదు, గడువు రాసిన మన ప్రభుత్వ కార్డు, ఆ కార్డు మీద బడి, ఆస్పత్రి, కూలిపని. ఖర్చు మిజోరం, త్రిపురల మీద కాకుండా కేంద్ర ఖజానా మీద. కోటిమంది వచ్చిన ఏడాది మనం ఇప్పటికంటే చాలా పేదవాళ్లం.