పక్కిల్లయితే చాలదు, బరాబరీ కావాలి

ఒకే ఊళ్లో కలిసి బతికితే తఅస్సుబ్ దానంతటదే పోతుందని మనవాళ్లు అంటుంటారు. అదే నిజమైతే 2022 మే 24న అమలాపురం తగలబడేది కాదు.

ఆ ఏప్రిల్ 4న పుట్టిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామని ప్రభుత్వం మే 18న ప్రకటించింది. వారం తిరక్కుండానే దళితుడైన మంత్రి పినిపె విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు మంటల్లో ఉన్నాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ బంద్. ఆ పేరు వద్దన్నవాళ్లు దళితుల్ని ఎరగని పరదేశీలు కారు. అవే కొబ్బరి తోటలు, అవే కాలవ గట్లు.

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఈ గుట్టు విప్పాడు. ఉత్త ములాఖాత్ నఫ్రత్‌ను తగ్గించదు. ఇద్దరి హైసియత్ బరాబర్‌గా ఉండాలి. ఒకే మక్సద్ కోసం కలిసి పనిచేయాలి. చట్టం, పెద్దలు దన్నుగా నిలవాలి. ఒకరు యజమాని, మరొకరు కూలీ అయితే పొద్దంతా పక్కపక్కనే ఉన్నా అది దోస్తీ కాదు. అందుకే చెట్టెక్కి కాయ దింపేవాడి పేరు నోటికి వస్తుంది, అతను గౌరవించే మనిషి పేరు జిల్లా బోర్డు మీద కనిపిస్తే కళ్లలో గుచ్చుకుంటుంది.

మనకూ ఇందులో సబక్ ఉంది. ఈద్‌కి పొరుగింటికి షీర్ ఖుర్మా పంపి మురిసిపోతే సరిపోదు. నమాజు సఫ్‌లో పాటించే ముసావాత్ మన దస్తర్‌ఖాన్ దగ్గరా కనిపించాలి. దళిత పొరుగువాడు మన పక్కన కూర్చోవాలి, అతని గుమ్మంలో మనమూ చాయ్ తాగాలి. స్కూలు కమిటీలో భుజం కలపాలి. ఇవాళ అతని ఇజ్జత్ కోసం నోరు విప్పకపోతే, రేపు మన ఇజ్జత్ కోసం ఎవర్ని పిలుస్తాం?