పామును ఇంటికి తెచ్చే ముందు

పామును పెంచుకుంటామని పిల్లలు అడిగే రోజులు వచ్చాయి. హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల్లో విదేశీ పెంపుడు జంతువుల వ్యాపారం కళ్లెదుటే పెరుగుతోంది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లోనైతే పిల్లలు స్నేహితుల ఇంట్లో బాల్ పైథాన్‌ను చేతిమీద పాకించుకుని వచ్చి, తమకూ ఒకటి కావాలని పట్టుపడుతున్నారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, మర్నాడు పెరట్లో పాము కనబడితే కర్ర అందుకునే ఇళ్లు మనవి. పెద్దవాళ్లు హడలిపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఆ కోరికను కసిరి కొట్టకుండా, పిల్లలతో కూర్చుని లెక్క తేల్చుకోవడమే మంచిదని నా నమ్మకం. పాము మీద ఆసక్తి ఉన్న పిల్లవాడు పామును చంపడు. అది చిన్న లాభం కాదు. నన్ను బాధించేది మరొకటి: పామును కొనడానికి తొందరపడేవాళ్లు, ఆ పాము మన ఇంట్లో ఎలా బతుకుతుందో ఆలోచించడానికి ఒక్క సాయంత్రం కూడా కేటాయించడం లేదు.

ముందు చట్టం సంగతి. మన నేల మీద పుట్టిన పాము ఏదీ పెంపుడు జంతువు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జెర్రిపోతునూ, నీరుకట్టెనూ, కొండచిలువనూ, నాగుపామునూ రక్షిత జీవులుగానే చూస్తుంది. విషం ఉందా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలు జీవుల విషయంలో నేరానికి 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. పొలంలో దొరికిన పిల్లపామును డబ్బాలో పెట్టుకుని వచ్చే కుర్రవాడికి ఈ సంగతి తెలియదు. చెప్పవలసింది మనమే. రెండు తలల పాము అదృష్టం తెస్తుందని నమ్మించి లక్షల్లో బేరాలాడే ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టుబడుతూనే ఉన్నాయి. దానికి ఉన్నది ఒక తలే. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. మట్టిలో దూరి ఎలుకల్ని తిని బతికే ఆ సాధుజీవిని కొన్నవాడికి దక్కేది కేసు తప్ప మరేమీ కాదు.

విదేశీ పాముల విషయంలో మొన్నమొన్నటి దాకా చట్టం మౌనంగా ఉండేది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో ఆ మౌనం పోయింది. అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాల్లోని జీవులు ఇప్పుడు మన చట్టంలో నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం, అలాంటి జీవి ఎవరి దగ్గర ఉన్నా పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కొత్తగా తెచ్చుకుంటే 30 రోజుల్లోగా ఆ పని జరగాలి. బాల్ పైథాన్ ఈ పరిధిలోకి వస్తుంది. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాల్లో లేదు. అంతమాత్రాన సూట్‌కేసులో వేసుకు రావచ్చని కాదు, ఏ జంతువు దిగుమతికైనా అనుమతి తప్పనిసరి. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 55 బాల్ పైథాన్లు, 17 కింగ్ కోబ్రాలు బయటపడ్డాయి. వాటితోపాటు కుక్కి తెచ్చిన 6 కపుచిన్ కోతులు అప్పటికే చనిపోయి ఉన్నాయి. దుకాణంలో కాగితాలు అడగని ప్రతి కొనుగోలుదారూ ఆ సూట్‌కేసు ఖర్చులో కొంత భరించినట్టే. కాగితాలు అడగండి, పాము ఎక్కడ పుట్టిందో అడగండి. సమాధానం తడబడితే వెనక్కి వచ్చేయండి.

అమెరికాలో చట్టం రాష్ట్రానికో రకం. హవాయిలో ఏ పామునూ ఉంచుకోకూడదు. మిగతాచోట్ల రాష్ట్రం ఒప్పుకున్నా, నగర నిబంధనలో, అద్దె ఒప్పందమో అడ్డు రావచ్చు. కొన్న తర్వాత చదవడం కంటే ముందే చదువుకోవడం మేలు.

విషపాముల గురించి ఒకే మాట: వద్దు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఆ భారం ఎక్కువ మోసిన రాష్ట్రాల్లో తెలుగు నేల కూడా ఉంది. ఇక్కడ ఆసుపత్రుల్లో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషం నుంచి తయారైనది. విదేశీ విషపాము కాటేస్తే దానికి సరిపడే మందు ఇక్కడి ఆసుపత్రిలో దొరుకుతుందని ఆశపడే వీలు లేదు.

ఇక మొదటిసారి పెంచేవాళ్లకు సాధారణంగా సూచించే పాములు రెండు. ఆగ్నేయ అమెరికాకు చెందిన కార్న్ స్నేక్, పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్. రెండింటికీ విషం లేదు, రెండూ మూడు నుంచి ఐదడుగుల దాకా పెరుగుతాయి. కార్న్ స్నేక్ చురుకైనది, తిండికి పేచీ పెట్టదు. బాల్ పైథాన్ నెమ్మది, కానీ సున్నితం. నన్నడిగితే మొదటి పాముగా కార్న్ స్నేకే నయం. అది 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్లు. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో గుడ్లు పెట్టిన ఒక బాల్ పైథాన్ వయసు 60 ఏళ్లు దాటి ఉంటుందని అక్కడివాళ్లే చెప్పారు. పదేళ్ల పిల్ల అడిగిందని ఈ రోజు కొన్న పామును, ఆ పిల్ల కాలేజీకి వెళ్లాక, ఉద్యోగంలో చేరాక, పెళ్లయ్యాక ఎవరు చూస్తారు? ఇంట్లో మిగిలేది తల్లిదండ్రులు. అందుకే ఇది పిల్లలకు ఇచ్చే కానుకగా కాకుండా, పెద్దవాళ్లు తమ పేరు మీద తీసుకునే నిర్ణయంగా ఉండాలి.

పెంపకంలో అన్నిటికంటే పెద్ద సంగతి వేడి. పాము తన ఒంట్లో వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలన్నా, జబ్బును తట్టుకోవాలన్నా, కుబుసం సరిగా విడవాలన్నా చుట్టూ ఉన్న వేడే ఆధారం. అడవిలో అది ఎండలోకి వచ్చి, నీడలోకి పోయి ఆ లెక్క తానే చూసుకుంటుంది. పెట్టెలో పెట్టిన తర్వాత ఆ అవకాశం మనం కల్పించాలి. బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒక కొస 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొస 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రెండు కొసల్లోనూ దాక్కునే చోటు ఉండాలి. ఒక్కటే గూడు పెడితే పాము భద్రత కోసం వేడినో, వేడి కోసం భద్రతనో వదులుకోవాల్సి వస్తుంది. థర్మోస్టాట్ లేకుండా హీటింగ్ మ్యాట్ వాడితే పొట్ట కాలిపోతుంది. ఒంటికి కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడి నుంచి కదలదు, మనిషికి తెలిసేసరికి చర్మం ఊడిపోయి ఉంటుంది. దుకాణాల్లో అమ్మే వేడిరాళ్లు మరీ ప్రమాదం. పామును కొన్న డబ్బు కంటే దాని పెట్టెకూ, థర్మోస్టాట్‌కూ, ఉష్ణోగ్రత, తేమ కొలిచే మీటర్లకూ ఎక్కువ ఖర్చయితే అది సరైన కొనుగోలు.

విదేశీ పుస్తకాల్లోని సలహాలన్నీ చలిదేశాల కోసం రాసినవి. అవి పామును ఎలా వెచ్చగా ఉంచాలో చెబుతాయి. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం సమస్య తలకిందులుగా ఉంటుంది. గది 40 డిగ్రీలు దాటితే గాజుపెట్టెలో చల్లటి కొస అనేదే మిగలదు, పాముకు పారిపోయే దారి ఉండదు. పై అంతస్తు ఫ్లాటులో, కరెంటు పోయిన మూడు గంటల్లో, తలుపులు వేసిన గదిలో అది చచ్చిపోవచ్చు. చలికాలంలో న్యూజెర్సీలో కరెంటు పోయినవాళ్లది ఇంకో రకం అవస్థ. ఇన్వర్టరు గానీ, చల్లగా ఉండే కింది గది గానీ లేనివాళ్లు మన దగ్గర పామును పెంచకూడదని నేను గట్టిగా చెబుతాను.

పెట్టె హాల్లో అందరికీ కనబడేలా, లోపల ఒక కొమ్మ తప్ప ఏమీ లేకుండా పెట్టడం చాలామంది చేసే పొరపాటు. బాల్ పైథాన్ ఆఫ్రికాలో పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని రాత్రి బయటికి వచ్చే జీవి. నాలుగు వైపులా వెలుతురు, టీవీ, వచ్చేపోయే జనం ఉంటే అది తిండి మానేస్తుంది. పాము ఒళ్లు పూర్తిగా చాచుకునేంత పొడవు, దాక్కోవడానికి ఆకులూ బెరడూ, ఒళ్లు తడుపుకునేంత నీళ్ల గిన్నె, గట్టి గొళ్లెం, ఇవి కనీసం. గొళ్లెం తేలిగ్గా తీసుకోవద్దు. పాము తన తల పట్టే ప్రతి సందులోంచీ బయటపడుతుంది. అపార్టుమెంటులో పాము తప్పించుకుంటే పక్కింటివాళ్లు విదేశీ పామా, కట్లపామా అని అడగరు, కొట్టి చంపుతారు.

తిండి విషయంలో చాలా ఇళ్లలో గొడవ ఖాయం. ఇలా పెంచే పాముకు పెట్టవలసింది ఎలుకల్నే, అదీ మొత్తంగా. దానికి శాకాహారం లేదు. నాగుల చవితికి పాలు పోసినా అది పాలు తాగి బతికే జీవి కాదు. పండుగకు వీధుల్లో తిప్పడానికి పట్టుకున్న పాముల్ని రోజుల తరబడి దాహంతో మాడ్చి, ఆ తర్వాత పాలు ముందు పెడతారు. శుద్ధ శాకాహారుల ఇంట్లో ఫ్రిజ్‌లో చచ్చిన ఎలుకలు పెట్టుకోవడానికి ఒప్పుదల లేకపోతే అక్కడితో ఆ ఆలోచన మానుకోవడం గౌరవప్రదం. ఒప్పుకుంటే వేరే చిన్న ఫ్రీజర్ పెట్టుకోండి. గడ్డకట్టిన ఎలుకను గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగించి, పొడవాటి పట్టకారుతో అందించాలి. బతికున్న ఎలుకను పెట్టెలో వదిలేసి వెళ్తే, ఆకలి లేని పామును ఎలుకే కొరికి గాయపరుస్తుంది. ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటుకు మించకూడదు. పిల్లపాముకు వారానికొకటి, పెద్ద బాల్ పైథాన్‌కు రెండు మూడు వారాలకొకటి చాలు. తిన్న తర్వాత రెండు రోజులు దాన్ని ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కక్కేస్తుంది. పెద్ద బాల్ పైథాన్ నెలల తరబడి తినకపోవడం కొత్తవాళ్లను భయపెడుతుంది. బరువు తగ్గకుండా ఉంటే అది దాని స్వభావమే. బరువు పడిపోతుంటే మాత్రం పెట్టెలో వేడినీ, తేమనూ ముందు సరిచూడాలి.

కుక్కను పెంచినవాళ్లు పామును తెచ్చుకుని నిరాశ పడటం ఇక్కడే మొదలవుతుంది. పాము మనల్ని చూసి సంతోషించదు. మన చేతిని ఓర్చుకోవడం అలవాటు చేసుకుంటుంది, అంతే. భయం వేస్తే బాల్ పైథాన్ తలను లోపలికి దాచుకుని చుట్టలు చుట్టుకుంటుంది. దాన్నే ముద్దొచ్చే భంగిమ అనుకుని ఫోటోలు తీసేవాళ్లున్నారు. కొత్త పామును కనీసం వారం పాటు కదపకూడదు. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడిచే సమయం వచ్చిందన్నమాట, అప్పుడు అసలే ముట్టుకోకూడదు. మిగిలిపోయిన కుబుసాన్ని, ముఖ్యంగా కంటి మీది పొరను, గోళ్లతో లాగితే కన్ను పోతుంది. మెడలో వేసుకుని పుట్టినరోజు వేడుకలో తిప్పడానికి ఎవరైనా పామును కొంటుంటే, వాళ్లను ఆపడం స్నేహితుల బాధ్యత. దాని కదలికను, వేటను, నిద్రను దూరం నుంచి గమనించడంలోనే ఆనందం పొందగలిగినవాళ్లకే ఈ పెంపకం తగుతుంది.

రంగుల మోజు కూడా పాము ప్రాణం మీదికి తెస్తోంది. బాల్ పైథాన్‌లో వింత రంగుల కోసం చేసే పెంపకంలో స్పైడర్ అనే రకం ఉంది. ఆ రంగు తెచ్చే జన్యువే నరాల లోపాన్నీ తెస్తుంది. తల వణుకుతుంది, తిరగబడుతుంది, కొన్నిటికి ఎరను సూటిగా అందుకోవడం కూడా కష్టమే. అందంగా ఉందని దాన్ని కొనడం ఆ బాధను మళ్లీ పుట్టించమని చెప్పడమే.

జబ్బు సంగతి చెప్పాలంటే, మన జిల్లాల్లో పశువైద్యులు గేదెలను, మేకలను, కుక్కలను చూసి అనుభవం గడించినవాళ్లు. పామును చూడగల వైద్యులు హైదరాబాద్‌లోనే వేళ్ల మీద లెక్కపెట్టాలి. నోరు తెరిచి ఊపిరి పీల్చినా, ముక్కు దగ్గర బుడగలు కనబడినా, పొలుసుల మధ్య నల్లటి పేలు తిరుగుతున్నా ఆలస్యం చేయడానికి వీల్లేదు. కాబట్టి పాము కంటే ముందు వైద్యుణ్ణి వెతుక్కోవాలి. ఇంట్లోవాళ్లకూ ఒక ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా కనబడే పాము ఒంటి మీద కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇంట్లో పాము లేకపోవడమే క్షేమం. నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగవద్దు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పెంచలేక వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడా చూపించింది. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో తప్పించుకున్న, వదిలేసిన బర్మీస్ పైథాన్లు స్థిరపడి పెరిగిపోయాయి. అవి ఎక్కువ కాలంగా ఉన్న ప్రాంతాల్లో రకూన్లు కనబడటం 99 శాతం, ఒపోసమ్‌లు కనబడటం 98.9 శాతం తగ్గిపోయిందని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ ఏడాదే ఆ పాముల దిగుమతిని అమెరికా నిషేధించింది. చివరికి 2017లో వాటిని పట్టడానికి తమిళనాడు ఇరుళ తెగకు చెందిన మాసి సడయన్‌ను, వడివేల్ గోపాల్‌ను పిలిపించుకున్నారు. జాడల్ని చదవడంలో ఆరితేరిన ఆ ఇద్దరూ కొన్ని రోజుల్లోనే పదికి పైగా పైథాన్లను పట్టి ఇచ్చారు. 2023లో మన ప్రభుత్వం వాళ్లను పద్మశ్రీతో గౌరవించింది.

కొనాలని ఇంకా గట్టిగా అనిపిస్తే ఒక పని చేయండి. పాము లేకుండానే పెట్టె సిద్ధం చేసి, థర్మోస్టాట్ బిగించి, నెల రోజులు నడపండి. మన దగ్గరైతే ఆ నెల మే నెల కావాలి. రోజుకు రెండుసార్లు రెండు కొసల ఉష్ణోగ్రతలూ రాసుకోండి. కరెంటు పోయినప్పుడు ఏమైందో చూడండి. అంకెలు నిలబడకపోతే కొనవద్దు.

ఇప్పటికే కొని పెంచలేకపోతున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను భయపెడితే పాము చెరువు గట్టుకు చేరుతుంది. విదేశీ పెంపుడు జంతువులను పోషించలేనివాళ్లు జరిమానా భయం లేకుండా తెచ్చి అప్పగించే ఏర్పాటును ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ ఏళ్లుగా నడుపుతోంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖలు అలాంటి కేంద్రాలను హైదరాబాద్‌లో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి తెరవాలి. అక్కడ పామును చూడగల వైద్యుణ్ణి నియమించాలి.