గది చల్లబడితే చాలదు

ఒకప్పుడు ఏసీ అంటే కోనసీమ పల్లెవాసికి పట్నంలోని సినిమా హాలో, పెద్ద డాక్టరుగారి గదో గుర్తుకు వచ్చేది. ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఏ ఊరికి వెళ్ళినా మేడల గోడలకు ఆ యంత్రాలు కనిపిస్తున్నాయి. పాత పెంకుటిళ్ళలో సైతం ఒక గదికి సీలింగు కొట్టించి ఏసీ బిగిస్తున్నారు. గల్ఫ్ దేశాలలో కష్టపడుతున్న కొడుకులు, కూతుళ్ళు తల్లిదండ్రుల సుఖం కోరి పంపిన డబ్బుతో కొన్నవి కూడా వీటిలో ఉన్నాయి.

దీనిని విలాసమని తీసిపారేయనవసరం లేదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రం ఒడ్డున ఉన్న ఈ సీమలో ఎండకంటె ఉక్క ఎక్కువ బాధిస్తుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఒంటి చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి, పసిబిడ్డలకు ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. ఏసీ గదిని చల్లబరచడమే కాదు, ఈ తేమను కూడా తీసివేస్తుంది. అసలు ఈ యంత్రం పుట్టుకే తేమ వల్ల జరిగింది. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయంలో తేమకు కాగితం ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకపోతే, ఆ బాధ తప్పించడానికి విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు దీనికి రూపకల్పన చేశాడు. ఆ లెక్కన ఏసీ మన ఉక్కకు తగిన యంత్రమే.

అయితే ఏసీ కొనేటప్పుడు ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, ఎంత తగ్గింపు అని అడుగుతున్నాం. మా ఇంటి తీగ దీనిని మోయగలదా, మా ఇంటికి ఎర్తు సరిగా ఉందా అని అడుగుతున్నవారు ఎందరు? వేలకు వేలు పోసి యంత్రం తెచ్చి, దాని వెనుక ఉండవలసిన తీగ దగ్గర, ఎర్తు దగ్గర వందలకు బేరమాడుతున్నాం. ప్రాణాలకు ముప్పు తెచ్చేది ఈ బేరమే.

ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తిగా పనిచేస్తున్నప్పుడు సుమారు 1,500 వాట్లు లాగుతుంది. అంటే ఇరవై సీలింగు ఫ్యాన్లు ఒకే తీగ మీద ఒకేసారి తిరిగినట్లు. అదీ పది నిమిషాలు కాదు, రాత్రి తెల్లవార్లూ. మన పాత ఇళ్ళలో చెక్క బద్దీల మీద వేసిన తీగలు నాలుగు దీపాలకు, రెండు ఫ్యాన్లకు వేసినవి. వాటి మీద ఈ భారం మోపితే తీగ లోలోపల వేడెక్కి, పైతొడుగు మెత్తబడి, ఏదో ఒక రాత్రి అంటుకుంటుంది. దానికి పైన థర్మోకోల్ సీలింగు ఉంటే మంట గదంతా కమ్ముకోవడానికి నిమిషాలు చాలు. అందుచేత ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి తగిన ఎంసీబీ ఉండి తీరాలి. మామూలు ఫ్యాను ప్లగ్గులో గాని, పొడుగు తీగల ఎక్స్‌టెన్షన్ పెట్టెలో గాని దీనిని గుచ్చరాదు. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని లావుపాటి తీగ చుట్టడం, కాపలావాడు అరుస్తున్నాడని వాడి నోరు కట్టేయడం వంటిది.

ఎర్తు సంగతి ఇంకా ముఖ్యం. యంత్రంలో ఎక్కడైనా తీగ తెగి ఇనుప పెట్టెకు తగిలితే, ఆ కరెంటు మనిషి గుండా కాక ఎర్తు తీగ గుండా భూమిలోకి పోవాలి. కొందరు పనివారు గొయ్యి తవ్వే శ్రమ లేకుండా, ప్లగ్గులో ఎర్తు రంధ్రాన్ని న్యూట్రల్ తీగకే కలిపి పోతున్నారు. పైకి అంతా బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. న్యూట్రల్ తెగిన నాడు మాత్రం ఏసీ పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. తడి చేతితో ముట్టుకున్నవాడు మరి లేవడు. మన నేలలో తేమకు లోటు లేదు గాని, ఉప్పు నీటి ప్రాంతాలలో ఎర్తు గొట్టం తుప్పు పట్టి నాలుగైదేళ్ళకే పనికిరాకుండా పోవచ్చు. ఏటా వేసవికి ముందు ఎర్తును పరీక్ష చేయించాలి. 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటును ఆపివేసే ఆర్‌సీసీబీ అనే పరికరాన్ని కూడా మెయిన్‌లో పెట్టించుకుంటే అది ప్రాణరక్షణకు రెండో కాపలా.

సముద్రపు గాలి మన ఏసీలకు ప్రత్యేక శత్రువు. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన వంటి తీర మండలాలలో బయటి యూనిట్ మీద ఉప్పు పేరుకొని అల్యూమినియం రేకులు పొడి అయిపోతాయి, రాగి గొట్టాలకు చిల్లులు పడతాయి, నిలబెట్టిన ఇనుప కొమ్ములు తుప్పు పడతాయి. మేడ మీది నుంచి అంత బరువు జారిపడితే కింద ఆడుకునే పిల్లల గతి ఏమిటి? కొమ్ములను, బోల్టులను ఏటేటా చూడాలి. నెలకొకసారి ఎంసీబీ ఆపి, తీగలు ఉండే భాగం తడవకుండా బయటి రేకులను మంచినీటితో మెల్లగా కడిగితే ఉప్పు పోతుంది. కొబ్బరిచెట్టు కింద బయటి యూనిట్ పెట్టడం తెలివైన పని కాదని చెప్పనక్కరలేదు. లోపలి జల్లెడను పదిహేను రోజులకొకసారి కడిగి ఆరబెట్టుకోవడం ఇంటివారే చేసుకోగల పని. అంతకు మించి మూత విప్పడం మాత్రం వద్దు. కరెంటు ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండి షాకు కొడుతుంది.

"గ్యాసు అయిపోయింది, నింపాలి" అని ఏటేటా చెప్పే మాట కూడా ఆలోచించదగినది. ఏసీలోని గ్యాసు వంటగ్యాసులాగా వాడితే తరిగేది కాదు. గొట్టాలలో మూసి ఉన్న గ్యాసు తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాట. ముందు చిల్లు పూడ్చాలి, తరువాతనే నింపాలి. పాత ఏసీలలోని ఆర్-22 గ్యాసు మామూలుగా అంటుకునేది కాదు. కొత్తవాటిలో ఎక్కువగా వాడుతున్న ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉన్నది. కొన్నిటిలో ఉండే ఆర్-290 అయితే ప్రొపేనే, అంటే మన వంటగ్యాసుకు తోబుట్టువు. ఏ గ్యాసు ఉన్నదో యంత్రం మీది చీటీలో రాసి ఉంటుంది. ఒక గ్యాసు ఉండవలసిన దానిలో మరొకటి నింపరాదు. మరమ్మతు జరుగుతున్నప్పుడు గది తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి, దరిదాపుల్లో బీడీ కూడా వెలిగించరాదు. చిల్లు పరీక్షకు నైట్రోజన్ గ్యాసే వాడాలి. చవకగా దొరికిందని ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్‌లోని నూనెతో కలిసి బాంబులా పేలుతుంది. గ్యాసుకు నిప్పు తోడైతే ఏమవుతుందో 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గొట్టపు మార్గం పేలినప్పుడు కళ్ళారా చూసిన సీమ మనది. ఏసీలో ఉండే గ్యాసు దానితో పోల్చితే చాలా స్వల్పం. కాని మూసిన గదిలో నిద్రపోయే కుటుంబానికి ఆ స్వల్పమే చాలు.

మూసిన గది అన్నాం గనుక మరొక మాట. చాలామంది అనుకుంటున్నట్లు స్ప్లిట్ ఏసీ బయటి నుంచి కొత్త గాలి తేదు. ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. ఆ గదిలో దోమల చుట్ట వెలిగించి పడుకుంటే తెల్లవార్లూ ఆ పొగనే పీల్చుతాం. కరెంటు పోయినప్పుడు వసారాలో జనరేటరు పెట్టి నడపడం మరీ ప్రమాదం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటరు ఇంటికి దూరంగా, ఆరుబయటే ఉండాలి. దోమలకు తెరను మించిన మందు లేదు. ఏసీ నుంచి కారే నీరు గుంటలో నిలిస్తే మళ్ళీ ఆ దోమలే పుడతాయి కనుక ఆ గొట్టాన్ని మొక్కల మొదట్లోకి మళ్ళించడం మంచిది.

ఇక 16, 18 డిగ్రీల వేలంవెర్రి మానుకోవాలి. మీట తగ్గించినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు గల ఏసీలు 24 డిగ్రీల వద్దనే మొదలు కావాలని నియమం పెట్టింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందని ఆ సంస్థ అంచనా. 25, 26 వద్ద ఉంచి ఫ్యాను మెల్లగా తిప్పుకుంటే ఒంటికీ హాయి, బిల్లుకూ హాయి, ఊరి ట్రాన్స్‌ఫార్మరుకూ హాయి.

వరదలు, తుఫానులు మనకు కొత్త కాదు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 తుఫానును పెద్దవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలై గోదావరి వరదలో లంక గ్రామాలు ఎలా మునిగాయో చిన్నవారు కూడా చూశారు. లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉన్నవారు ప్లగ్గును, బయటి యూనిట్‌ను పాత వరద గుర్తుకు పైనే పెట్టించుకోవాలి. గాలివాన హెచ్చరిక రాగానే, ఉరుములు మొదలవగానే ఎంసీబీ దించాలి. నీట మునిగిన ఏసీని ఎండబెట్టి మనమే వేసి చూద్దామనుకోవడం ప్రాణాలతో చెలగాటం. ప్లగ్గు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, జివ్వుమని శబ్దం వచ్చినా ముందు మెయిన్ ఆపాలి. మంట లేస్తే నీళ్ళు పోయరాదు. మెయిన్ ఆపి 101కి ఫోను చేయాలి. షాకు తగిలిన మనిషిని ఒట్టి చేతులతో లాగరాదు. కరెంటు ఆపాలి, లేదా ఎండు కర్రతో విడదీసి 108ని పిలవాలి.

ఈ జాగ్రత్తల భారమంతా గృహస్థుల మీదనే వేసి ఊరుకుంటే న్యాయం కాదు. వేసవి రాత్రులలో వోల్టేజీ పడిపోవడానికి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడానికి ఒక కారణం, పెరిగిన వాడకం లెక్కకు ఎక్కకపోవడం. ఏసీ పెట్టినవారు తమ లోడును విద్యుత్ సంస్థకు తెలియజేయాలి. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కూడా 1912 నంబరుకు ఫిర్యాదు వచ్చిన తరువాత లైన్‌మన్‌ను పంపడంతో సరిపెట్టుకోక, వేసవి ముందే ట్రాన్స్‌ఫార్మర్ల భారాన్ని సరిచూడాలి. పంచాయతీలతో కలిసి ఊరూరా ఒక రోజు ఎర్తు పరీక్ష శిబిరం పెడితే పెద్ద ఖర్చు కాదు. అమ్మే దుకాణదారులు ఇంటి తీగను, ఎర్తును చూడనిదే యంత్రం బిగించబోమని ఒక కట్టుబాటు పెట్టుకోవాలి.

ఈ పనిచేసే కుర్రవాళ్ళ సంగతి కూడా తలచుకోవాలి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకు లేనిదే చెట్టెక్కడు. మండుటెండలో మేడ అంచున నిలబడి మన ఏసీ బిగించే కుర్రవాడి నడుముకు తాడు లేదు, చేతికి తొడుగు లేదు, చేతిలో సర్టిఫికెట్ అంతకంటె లేదు. పని చూసి నేర్చుకున్నవారే చాలామంది. గల్ఫ్ దేశాలలో ఏళ్ళ తరబడి ఏసీ మెకానిక్కులుగా పనిచేసి తిరిగి వచ్చిన అనుభవజ్ఞులు మన ఊళ్ళలో ఉన్నారు. వారిని ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు పిలిపించి ఈ యువకులకు స్వల్పకాలిక శిక్షణ ఇప్పిస్తే ఉపాధి, భద్రత రెండూ కలిసి వస్తాయి. జిల్లా అధికారులు ఈ విషయం వెంటనే పరిశీలించాలి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఈ వేసవికి ఏసీ కొనదలచినవారు ముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగ, ఎర్తు చూపించుకోవాలి. ఇప్పటికే ఉన్నవారు మీట నొక్కే ముందు ఆ పనే చేయాలి. ఆ రెండింటికి డబ్బు చాలకపోతే ఏసీ వచ్చే ఏడాదికి వాయిదా వేసుకున్నా నష్టం లేదు. ఒక వేసవి ఉక్కను తాటాకు విసనకర్రతోనైనా గడపవచ్చు. పోయిన ప్రాణాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు.