హెచ్‌ఆర్ అంటే ఐటీ ఒక్కటేనా?

సంపాదకులకు,

హెచ్‌ఆర్ కొలువులపై మీ కెరీర్ పేజీ వ్యాసం చదివాను. ఎంబీఏ పట్టా, దంచి కొట్టే ఇంగ్లిషు ఉంటే చాలన్నట్టు రాశారు. ఫ్యాక్టరీల ఊసే లేదు! 500 మంది, అంతకు మించి కార్మికులుంటే సంక్షేమాధికారిని పెట్టాల్సిందేనని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంహెచ్‌ఆర్‌ఎం (హెచ్‌ఆర్ పీజీ) కోర్సునైనా ప్రస్తావించాల్సింది.

పరవాడ వైపు ఫ్యాక్టరీల ఇంటర్వ్యూల్లో నేనడిగే ప్రశ్న ఇది: జూన్‌లో కార్మికుడి జీతం పెరిగి నెలకు రూ.21,000 దాటింది, ఈఎస్‌ఐ కోత ఎప్పుడు ఆపాలి? కొత్త ఎంబీఏలు తడుముకోకుండా ‘ఆ నెలే’ అంటారు. కాదు, సెప్టెంబరు దాకా కట్టాలి. రెజ్యూమెలో మాత్రం ‘పీపుల్ స్కిల్స్’కి కొదవుండదు. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు నేర్పే కాలేజీలేవో రాయండి, పిల్లలు ఫీజు కట్టకముందే.

– ఒక పాఠకుడు, గాజువాక