మార్కులకందని కంచ

విశ్వవిద్యాలయాలు పర్యావరణాన్ని కాపాడుతున్నాయా లేదా అని తేల్చటానికి మన దేశంలో ఒక ప్రశ్నావళి ఉంది. ఇటీవలి సంవత్సరాలలో నాక్ సంస్థకు మనం నింపి పంపుతూ వచ్చిన స్వీయనివేదికను పాఠకులు ఒకసారి తిరగేయాలి. సౌరశక్తి ఉన్నదా? బయోగ్యాస్ ఉన్నదా? ఎల్.ఇ.డి. దీపాలు పెట్టారా? ప్లాస్టిక్ నిషేధించారా? చెట్లతో, మొక్కలతో ఆవరణను తీర్చిదిద్దారా? అయిదింటిలో నాలుగున్నాయంటే పైమెట్టు, ఒక్కటే ఉంటే కిందిమెట్టు. రుజువుకు ఫోటోలు జతపరచాలి.

ఈ ప్రశ్నలు చెడ్డవని నేననను. దీపాలు మార్చటం మంచిదే. అయితే ఈ పత్రం కొన్నదాన్నీ, నాటినదాన్నీ లెక్కపెడుతుంది గాని, ఉన్నది నిలిచిందా పోయిందా అని మాత్రం అడగదు.

నేను పనిచేసే కళాశాలకు తనిఖీ సంఘం వస్తున్నదనగానే లారీలో మొక్కలు దిగాయి. ఫోటోలు తీశారు. ఒక మెట్టు ఎక్కాం. ఆ వేసవిలో వాటికి నీళ్లు పోసే మనిషికి జీతమివ్వటానికి డబ్బు లేకపోయింది. ఎండిన మొక్కకు మార్కు తగ్గించే గడి పత్రంలో లేదు.

ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి కంచ గచ్చిబౌలిది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాల భూమి చూపారు. అంతా గుండ్లు, తుప్పలు, కుంటలు. దుప్పులూ, నెమళ్లూ, నక్షత్ర తాబేళ్లూ అక్కడ బతికాయి. ఏ సంఘమూ వాటిని తెచ్చి పెట్టలేదు. అందులో ఒక మూలనున్న 400 ఎకరాలను ప్రభుత్వం 2003లో ఒక ప్రైవేటు క్రీడాసంస్థకు కట్టబెట్టి, 2006లో రద్దు చేసింది. వ్యాజ్యం 2024లో ప్రభుత్వపక్షాన ముగిసింది. 2025 మార్చి 30, ఉగాదినాడు, యంత్రాలు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోగా సుమారు 100 ఎకరాలు బోడి అయింది.

ఇప్పుడు చెప్పండి, ఈ 100 ఎకరాలు మన పత్రంలో ఏ గడిలో పడతాయి?

అది విశ్వవిద్యాలయ భూమి కాదు, సర్కారు భూమి, అడవి అంతకన్నా కాదు అని సమాధానం. హక్కు సంగతి న్యాయస్థానాలది. దుప్పి సర్వే నంబరు చూసుకొని నీళ్లు తాగదు గదా! ఇక అడవి సంగతి. సాహిత్యం బోధించేవాణ్ణి గనుక మాట దగ్గర కాస్త ఆగుతాను. కంచ అంటే ఏమిటో తెలంగాణ పల్లెలో గొర్రెలు కాసేవాణ్ణడిగితే చెబుతాడు: దున్నని నేల, మేతనేల, ఊరందరి నేల. విద్యాధికుల నోట ఆ మాట బీడయింది. బీడు ఖాళీ జాగా అయింది. ఖాళీ జాగాకు ధర పలికింది. పచ్చిక పరచి రోజూ బోరునీళ్లు పోస్తే మార్కు వేసి, వాననీటిని తనంతట తాను పట్టి ఉంచే తుప్పకు సున్న వేసే మన ప్రశ్నావళి చూపు కూడా ఇదే. యంత్రం తోలించినవారికీ మార్కులు వేసేవారికీ పరిచయం లేకపోవచ్చు. ఆ నేల ఇద్దరికీ కనబడలేదు.

1991లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట పర్యావరణం మన డిగ్రీ పిల్లలకు తప్పనిసరి పాఠమయింది. ఆ పాఠం నిజంగా ఒంటబట్టినవారు ఉగాదినాడు పోలీసు వ్యానుల్లో కనిపించారు. దానికీ గడి లేదు.

నేను కోరేది కష్టమైన పనేమీ కాదు. ఏడాది మొదట ఎంత నేల సిమెంటు పడకుండా ఉన్నది, కుంటలో ఎన్ని అడుగుల నీరున్నది, ఎన్ని బోర్లున్నాయి. ఏడాది చివర ఎంత? ఈ లెక్కను తోటమాలీ, విద్యార్థీ కలిసి రాయాలి. అందరూ చూసేట్టు గోడకు అతికించాలి. డబ్బు పుచ్చుకొని సర్టిఫికెట్టు ఇచ్చిపోయే గ్రీన్ ఆడిట్ కంపెనీకి ఇక్కడ పనిలేదు.

ఈసారి ఆ లెక్క జతపరచందే మా శాఖ నివేదిక మీద సంతకం చెయ్యనని ప్రిన్సిపాలుగారికి రాసిచ్చాను. ఆయన ఇంకా జవాబియ్యలేదు.