గొడవకూ హత్యకూ మధ్య ఉన్న రోజులు

1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బందరు కోనేరు సెంటర్లో జెండా ఎగరేయబోయి, స్పృహ తప్పేదాకా లాఠీ దెబ్బలు తిన్న తోట నరసయ్య నాయుడు గారిని కృష్ణా జిల్లా మరచిపోలేదు. అహింస అనగానే మనకు గుర్తొచ్చేది అలాంటి వీరులే. దెబ్బ పడకముందే గొడవను ఆపినవారి పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టరు. మేము ఈ వారం మాట్లాడదలచింది వారి పని గురించే.

కృష్ణకు అవతల, తెనాలి దగ్గరి చుండూరును చూడండి. 1991 జూలై మొదట్లో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. దాని మీద గొడవ, ఆపైన దళితవాడకు పనులు ఇవ్వకుండా సాంఘిక బహిష్కరణ. 144 సెక్షన్ పెట్టారు, పోలీసు పికెట్ వచ్చింది. అయినా ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపి, కొన్ని శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. మధ్యలో నెల రోజులున్నాయి! 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. శిక్షల మీద ఆశపెట్టుకొని నివారణను వాయిదా వేయకూడదనడానికి ఇది చాలు. బహిష్కరణ మొదలైన వారంలోనే బలమున్న పక్షం నుంచి పదిమంది రైతులు "మా పొలంలోకి పనికి రండి" అని పిలిచి ఉంటే, పికెట్ చేయలేనిది వారు చేసి ఉండేవారని మా నమ్మకం.

ఇప్పుడు ఆ నెల కూడా దొరకడం లేదు. 2022 మే 18న కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువుంది. మే 24నే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు తగలబడ్డాయి. ఆ తరువాత ఇంటర్నెట్ ఆపారు.

దావీదు నాలుగువందల మందితో నాబాలు ఇంటి మీదికి బయలుదేరినప్పుడు అబీగయీలు రొట్టెలు, ద్రాక్షారసం, వండిన గొఱ్ఱెలు గాడిదల మీద వేయించి దారిలోనే ఎదురెళ్లింది. మనం తరచూ చెప్పుకొనేది ఆమె తెలివి గురించి. అయితే ఆమెకు సంగతి చెప్పింది పనివారిలో ఒకడు. యజమానితో ఎవరూ మాట్లాడలేరని తెలిసినవాడు, యజమానురాలి దగ్గరకు వెళ్లగలిగాడు. ఆ చనువు ఆ రోజు పుట్టింది కాదు.

మహారాష్ట్రలోని భివండీ 1970లో, 1984లో మతకలహాల్లో మండింది. 1988లో పోలీసు అధికారి సురేశ్ ఖోప్డే హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలను పెట్టించారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కన బొంబాయి తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. పల్లెల్లో ఇరుగుపొరుగు పలకరింపులు సరిపోవచ్చు గాని, పట్టణాల్లో కలిసి నడిపే సంఘాలు కావాలని అశుతోష్ వార్ష్ణేయ్ 2002లో తన పుస్తకంలో రాశారు.

బందరు, గుడివాడ, దివిసీమల్లో మన స్త్రీల సమాజాలకు, యూత్ ఫెలోషిప్‌లకు కొదవ లేదు. వాటిలో ఉండేది మాత్రం ఎక్కువగా మనవాళ్లే. ఫ్లెక్సీ చింపారనో, విగ్రహానికి అవమానం జరిగిందనో రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వస్తే, అవతలి వీధిలో ఎవరికి ఫోన్ చేయాలో మన పాస్టర్లలో ఎందరికి తెలుసు? కార్తీక పౌర్ణమికి మంగినపూడి తీరానికి స్నానాలకు వేలమంది వస్తారు. ఆ రద్దీలో మంచినీళ్లు అందించడం, తప్పిపోయిన పిల్లలను అప్పగించడం మన యువకులు ఊరి మత్స్యకార యువకులతో కలిసి చేస్తే, ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంటుంది. ఇంత చిన్న పనితో మొదలుపెట్టవచ్చు.

ఒక్క మాట. పెద్దమనుషుల రాజీ అంటే బలహీనుడిని కేసు వాపసు తీసుకోమనడమే అయితే దాన్ని మేము అహింస అనం. 1989 నాటి అట్రాసిటీల నిరోధక చట్టం కింద ఫిర్యాదు రాయించడానికి బాధితుడితో పాటు స్టేషన్ దాకా నడవడం కూడా అలాంటి కమిటీ పనే.